ధ్రువ సముద్రాలలో ఓడలు, ఉపగ్రహ సంకేతాలు, వాయుమండలం

ఓడ నడిపే నావికుడికి అన్నిటికన్నా ముందు తెలియవలసింది తానిప్పుడు ఎక్కడ ఉన్నాడన్నది. వాతావరణ శాస్త్రజ్ఞుడికి తెలియవలసింది వేరు: తన తలకు పైన ఉన్న గాలిలో ఏముందన్నది. ఈ రెండు ప్రశ్నలకూ ఈనాడు ఒకే రేడియో సంకేతం సమాధానం ఇస్తున్నది. ఆశ్చర్యమేమిటంటే, నావికుడు దోషమని లెక్కగట్టి తీసిపారేసే అంకెనే శాస్త్రజ్ఞుడు ఏరుకొని భద్రపరుస్తాడు. ధాన్యం మరపట్టించినప్పుడు బియ్యం ఇంటికి తెచ్చుకుంటాం, తవుడు మిల్లులోనే వదిలేస్తాం. ఆ తవుడు నుంచి నూనె తీసేవాడు మరొకడుంటాడు. ఉపగ్రహ నావిగేషన్ చరిత్రలో జరిగింది ఇటువంటిదే. ఆ చరిత్రలో చాలా ఆలస్యంగా, చాలా కష్టంగా సాధ్యపడిన అధ్యాయం ధ్రువ సముద్రాలలోని ఓడలది. దానినే ఇక్కడ మీ ముందుంచుతున్నాను.

ఓడలే ఎందుకని మీరు అడగవచ్చు. ఒకసారి పటం తీసి చూడండి. దక్షిణ ధ్రువం చుట్టూ ఒక ఖండం ఉంది. అక్కడ భవనం కట్టి పరికరాలు పెట్టుకోవచ్చు. మన దేశమే 1989లో మైత్రి, 2012లో భారతి కేంద్రాలను అక్కడ నెలకొల్పింది. ఉత్తర ధ్రువం దగ్గర నేల అన్నదే లేదు. ఉన్నది సముద్రం, దానిమీద గాలికీ ప్రవాహానికీ కదిలిపోయే మంచు. అక్కడ ఒకేచోట నిలిచి ఉండే వాతావరణ కేంద్రం పెట్టడం వీలుకాదు. మంచుతోపాటే కొట్టుకుపోయే ఏర్పాటు కావాలి.

ఆ ఏర్పాటు మొదట చేసినవాడు నార్వే దేశస్థుడు ఫ్రిడ్జాఫ్ నాన్సెన్. ఆయన 1893లో ఫ్రామ్ అనే ఓడను సైబీరియా ఉత్తర సముద్రంలోని మంచులో కావాలనే ఇరికించాడు. ఆ ఓడ మంచుతో కలిసి కదులుతూ 1896లో అట్లాంటిక్ వైపు బయటపడింది. తరువాత 1918 నుంచి 1925 వరకు సాగిన మౌడ్ ఓడ యాత్రలో హరాల్డ్ స్వెర్‌డ్రుప్ అనే శాస్త్రజ్ఞుడు గాలిపటాలకు పరికరాలు కట్టి ఎగరవేసి పైగాలి ఉష్ణోగ్రతలు కొలిచాడు. చలిలో ఆ తాడు చుట్టడం ఎంత కష్టమో మనం ఊహించుకోవలసిందే. 1930లో రష్యాలో పావెల్ మోల్చనోవ్ రేడియోసాండ్‌ను ఎగరవేశాడు. బెలూన్‌కు కట్టిన చిన్న పెట్టె పైకి పోతూ ఉష్ణోగ్రత, పీడనం, తేమ వివరాలను రేడియో ద్వారా కిందికి పంపుతుంది. 1937లో సోవియట్ ప్రభుత్వం ఇవాన్ పాపానిన్ నాయకత్వంలో నలుగురిని ధ్రువం దగ్గరి మంచుమీద దించి మొదటి ‘తేలే కేంద్రం’ నడిపింది. 1954 నుంచి 1991 దాకా ఇటువంటి కేంద్రాలు ఏదో ఒకటి ఆర్కిటిక్ మంచుమీద పనిచేస్తూనే ఉన్నాయి. సోవియట్ యూనియన్ కూలిపోయిన సంవత్సరంలోనే ఆ వరుస ఆగిపోయింది. మళ్ళీ మొదలైంది 2003లో, అదీ అంతరాయాలతో. మధ్యలో పన్నెండేళ్ళపాటు ఆర్కిటిక్ సముద్రం నడిబొడ్డున అటువంటి కేంద్రం ఒక్కటీ లేదు. భూమిమీద అన్నిటికన్నా వేగంగా వేడెక్కుతున్న ప్రాంతాలలో అది ఒకటి అని గుర్తుంచుకుంటే ఆ లోటు ఎంత పెద్దదో మీకు అర్థమవుతుంది.

ఇంతవరకు చెప్పింది కింది గాలి గురించి. దానికి చాలా పైన, సుమారు 60 కిలోమీటర్ల నుంచి వెయ్యి కిలోమీటర్ల దాకా, సూర్యకిరణాల తాకిడికి అణువుల నుంచి ఎలక్ట్రాన్లు విడిపోయి ఉండే ప్రాంతం ఉంది. దానిని అయనావరణం అంటారు. ధ్రువకాంతులు మెరిసేది అక్కడే. 1932–33లో ప్రపంచ దేశాలు కలిసి రెండవ అంతర్జాతీయ ధ్రువ సంవత్సరం జరిపినప్పుడు, ఎడ్వర్డ్ ఆపిల్టన్ తన బృందంతో నార్వేలోని ట్రామ్సో పట్టణానికి వెళ్ళి రేడియో తరంగాలను పైకి పంపి వాటి ప్రతిధ్వనులను నమోదు చేశాడు. అదే కార్యక్రమంలో కలకత్తా నుంచి ఆచార్య శిశిర్ కుమార్ మిత్రా బృందం కూడా పాల్గొన్నది. ధ్రువం గురించి తెలుసుకోవాలంటే భూమధ్యరేఖకు దగ్గరగా ఉన్నచోట కూడా కొలవాలన్న సంగతి అప్పటికే అర్థమైందన్నమాట. అయితే ఈ పద్ధతిలో ఒక లోపం ఉంది. కిందినుంచి పంపిన తరంగం ఎలక్ట్రాన్లు అత్యధికంగా ఉన్న పొర దాకానే పోయి తిరిగివస్తుంది. ఆ పైన ఏముందో చెప్పదు. పైనుంచి కిందికి సంకేతం పంపేది ఏదైనా ఉంటేనే ఆ లోటు తీరుతుంది.

1957 అక్టోబరు 4న సోవియట్ యూనియన్ స్పుత్నిక్‌ను ప్రయోగించింది. అమెరికాలో జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయపు అప్లైడ్ ఫిజిక్స్ లేబొరేటరీలో పనిచేసే విలియం గయర్, జార్జ్ వైఫెన్‌బాక్ అనే ఇద్దరు యువకులు దాని ‘బీప్ బీప్’ శబ్దాన్ని వినడం మొదలుపెట్టారు. రైలు మన ముందునుంచి దూసుకుపోతున్నప్పుడు దాని కూత స్వరం మారడం మీరు వినే ఉంటారు. ఉపగ్రహం దగ్గరికి వచ్చి దూరమవుతున్నప్పుడు దాని రేడియో పౌనఃపున్యం కూడా అలాగే మారుతుంది. దీనినే డాప్లర్ ప్రభావం అంటారు. ఆ మార్పును కొలిచి వారు ఉపగ్రహ కక్ష్యను లెక్కగట్టారు. 1958లో వారి పై అధికారి ఫ్రాంక్ మెక్‌క్లూర్ ప్రశ్నను తలకిందులు చేశాడు: ‘కక్ష్య తెలిస్తే, వినేవాడు ఎక్కడున్నాడో చెప్పగలమా?’ చెప్పగలమని తేలింది. ఆ ఆలోచన నుంచి పుట్టిందే ట్రాన్సిట్ వ్యవస్థ. పొలారిస్ క్షిపణులు మోసే జలాంతర్గాములకు స్థానం తెలపడమే దాని పని. 1964 నాటికి అది పనిలోకి వచ్చింది. ఉపగ్రహ నావిగేషన్ సముద్రం కోసమే పుట్టిందన్నమాట.

ట్రాన్సిట్ రూపకర్తలకు అడ్డువచ్చింది అయనావరణమే. దానిలోని ఎలక్ట్రాన్లు రేడియో తరంగాన్ని చెదరగొట్టి స్థానాన్ని తప్పుగా చూపించేవి. అదృష్టవశాత్తు ఈ ప్రభావం పౌనఃపున్యాన్ని బట్టి మారుతుంది. పౌనఃపున్యం రెండింతలైతే ఆలస్యం నాలుగో వంతుకు తగ్గుతుంది. అందుకని వారు ఒకేసారి 150, 400 మెగాహెర్ట్జ్‌ల మీద రెండు సంకేతాలు పంపారు. రెండింటినీ పోల్చి చూస్తే అయనావరణం చేసిన తప్పు ఎంతో తెలిసిపోతుంది, దానిని తీసివేయవచ్చు. ఇక్కడే మన కథ మలుపు తిరుగుతుంది. తీసివేయడం కోసం లెక్కగట్టిన ఆ అంకె ఏమిటి? ఉపగ్రహానికీ మనకూ మధ్య ఉన్న ఎలక్ట్రాన్ల మొత్తం సంఖ్య. శాస్త్రజ్ఞులకు కావలసినది అదే!

దీనికి మన దగ్గరే ఒక ఉదాహరణ ఉంది. 1975 ఆగస్టు నుంచి 1976 జులై దాకా సైట్ ప్రయోగం జరిగినప్పుడు అమెరికా ఉపగ్రహం ఏటీఎస్-6 ద్వారా ఆంధ్రప్రదేశ్‌తో సహా ఆరు రాష్ట్రాలలో 2,400 గ్రామాలకు టెలివిజన్ చేరింది. ఆ తెరముందు కూర్చుని కార్యక్రమాలు చూసినవారు మీలో ఉండవచ్చు. అదే ఉపగ్రహంలో వేరుగా ఒక రేడియో బీకన్ కూడా ఉండేది. గ్రామాలలో జనం వ్యవసాయ పాఠాలు చూస్తున్న రోజుల్లోనే ఊటీలో శాస్త్రజ్ఞులు ఆ బీకన్ సంకేతాలు పట్టి మన తలలమీది అయనావరణంలో ఎలక్ట్రాన్లు లెక్కపెట్టారు.

ఇక జీపీఎస్ సంగతి. మొదటి ఉపగ్రహం 1978లో వెళ్ళింది, వ్యవస్థ 1995లో పూర్తయింది. దాదాపు 20,200 కిలోమీటర్ల ఎత్తునుంచి 1575.42, 1227.60 మెగాహెర్ట్జ్‌ల మీద సంకేతాలు వస్తాయి. ట్రాన్సిట్ నేర్పిన పాఠం ప్రకారం ఇక్కడా రెండు పౌనఃపున్యాలే. అయనావరణ పరిశోధకులు చదరపు మీటరుకు 1 పక్కన 16 సున్నాలు పెట్టినన్ని ఎలక్ట్రాన్లను ఒక యూనిట్‌గా లెక్కిస్తారు. ఒక యూనిట్‌కు మొదటి జీపీఎస్ సంకేతం 16 సెంటీమీటర్లు ఆలస్యమవుతుంది. ఇక్కడ కాలాన్ని దూరంగా మార్చి చెబుతున్నానని గమనించండి. మన దేశం వంటి ఉష్ణమండల ప్రాంతాలలో సూర్యుడు చురుకుగా ఉన్న సంవత్సరాల్లో మధ్యాహ్నం వేళ ఇది 100 యూనిట్లు దాటడం మామూలే, అంటే 16 మీటర్లకు పైమాట.

రెండు పౌనఃపున్యాలతో అయనావరణపు వాటా తీసేసిన తరువాత కూడా కొంత ఆలస్యం మిగిలిపోతుంది. అది మనం పీల్చే కింది గాలి వల్ల కలిగేది. దీనిమీద పౌనఃపున్యం ప్రభావం చూపదు. సముద్రమట్టంలో నడినెత్తినుంచి వచ్చే సంకేతానికి ఇది సుమారు 2.3 మీటర్లు. ఇందులో అత్యధిక భాగం పొడిగాలిది. దానిని తెలుసుకోవడానికి గొప్ప యంత్రాలేవీ అక్కరలేదు, నావికుడి పాత నేస్తం బారోమీటరు చాలు. పీడనం ఒక హెక్టోపాస్కల్ మారితే ఆలస్యం 2.3 మిల్లీమీటర్లు మారుతుంది. పొడిగాలి వాటా పోగా మిగిలిన కొద్దిపాటి ఆలస్యం నీటిఆవిరిది. మన తలమీది ఆవిరి అంతా కరిగి నీరై ఒక మిల్లీమీటరు మందాన నిలిస్తే, అది సంకేతాన్ని ఆరున్నర మిల్లీమీటర్ల మేర ఆలస్యం చేస్తుంది. 1992లో మైకేల్ బెవిస్, ఆయన సహచరులు ఈ పద్ధతిని వివరంగా ప్రతిపాదించి దానికి ‘జీపీఎస్ వాతావరణ శాస్త్రం’ అని పేరుపెట్టారు. కొద్ది సంవత్సరాలలోనే నేలమీది వందలాది రిసీవర్లు నీటిఆవిరిని కొలిచే కేంద్రాలయ్యాయి.

నేలమీద సాధ్యమైనది ఓడమీద వెంటనే సాధ్యం కాలేదు. కారణం చెబుతాను. నేలమీద యాంటెన్నా కాంక్రీటు దిమ్మెమీద కదలకుండా ఉంటుంది. దాని ఎత్తు ఒకసారి తెలిస్తే చాలు, మారిన ఆలస్యమంతా గాలిదే. ఓడమీది యాంటెన్నా అలతోపాటు లేస్తుంది, పడుతుంది. యాంటెన్నా కిందికి దిగినా సంకేతం ఆలస్యంగా చేరుతుంది, గాలిలో తేమ పెరిగినా ఆలస్యంగానే చేరుతుంది. రెండింటినీ విడదీయడం ఎలా? నడినెత్తిన ఉన్న ఉపగ్రహానికి ఎత్తులో మార్పు ఎక్కువగా కనిపిస్తుంది, క్షితిజం దగ్గరున్న ఉపగ్రహానికి తేమ ప్రభావం ఎక్కువగా కనిపిస్తుంది, ఎందుకంటే దాని సంకేతం గాలిలో ఏటవాలుగా చాలాదూరం ప్రయాణిస్తుంది. ఆకాశంలో అన్ని ఎత్తులలోనూ ఉపగ్రహాలుంటే ఈ తేడాను బట్టి రెండింటినీ వేరుచేయవచ్చు. అయినా ఆలస్యం లెక్కలో ఒక సెంటీమీటరు తప్పు జరిగితే ఎత్తులో సుమారు మూడు సెంటీమీటర్ల తప్పు వస్తుంది. ఇవి రెండూ ఒకదాని బరువు మరొకదాని మీదకు తోసే కాడెద్దుల వంటివి. దీనికి తోడు పొగగొట్టం, స్తంభాలు, క్రేనులు సంకేతాన్ని ప్రతిఫలింపజేసి గందరగోళం చేస్తాయి.

మరో చిక్కు కూడా ఉంది. ఆ రోజుల్లో సెంటీమీటరు కచ్చితత్వం కావాలంటే దగ్గరలో స్థానం తెలిసిన మరో రిసీవర్ ఉండాలి. నడిసముద్రంలో దగ్గర ఎవరుంటారు? 1994లో అంతర్జాతీయ జీపీఎస్ సర్వీసు అధికారికంగా మొదలై ఉపగ్రహాల కక్ష్యలనూ గడియారాలనూ అతి కచ్చితంగా లెక్కగట్టి అందరికీ ఇవ్వసాగింది. 1997లో అమెరికాలోని జెట్ ప్రొపల్షన్ లేబొరేటరీ శాస్త్రజ్ఞులు ఆ వివరాలుంటే ఒంటరి రిసీవర్ ఒక్కటే చాలునని చూపించారు. ఓడలకు దారి తెరిచింది ఈ పద్ధతే. నా దృష్టిలో ఈ కథలో స్పుత్నిక్ తరువాత అంతటి మలుపు ఇదే, అయినా దీని గురించి సామాన్యంగా ఎవరూ చెప్పుకోరు. 2000 తరువాత కరీబియన్ సముద్రంలో తిరిగే ‘ఎక్స్‌ప్లోరర్ ఆఫ్ ది సీస్’ అనే విహారనౌక మీద రిసీవర్ పెట్టి క్రిస్టియన్ రాకెన్ బృందం కొలతలు తీసింది. అవి బెలూన్ల కొలతలతో రెండు మూడు మిల్లీమీటర్ల నీటి తేడాలో సరిపోయాయని 2005లో ప్రకటించింది.

కరీబియన్‌లో రెండు మూడు మిల్లీమీటర్ల తేడా పెద్దది కాదు. మన కోస్తాలో వానాకాలం గాలిలో 50, 60 మిల్లీమీటర్ల నీరుంటుంది. ఆర్కిటిక్ చలికాలంలో మొత్తం ఉండేదే రెండు మూడు మిల్లీమీటర్లు! అక్కడ తప్పు, కొలత ఒకే పరిమాణంలో ఉంటాయి. దీనికి తోడు ఉపగ్రహాల అమరిక కూడా అనుకూలంగా లేదు. జీపీఎస్ కక్ష్యలు భూమధ్యరేఖకు 55 డిగ్రీల వాలులో ఉంటాయి కాబట్టి ధ్రువం దగ్గర నిలబడినవాడికి ఏ ఉపగ్రహమూ 45 డిగ్రీలకు మించి పైకి రాదు. నడినెత్తిన ఆకాశం ఖాళీ. రష్యా వారి గ్లోనాస్ వాలు 64.8 డిగ్రీలు కాబట్టి అది కొంత మేలు, 57 డిగ్రీల దాకా వస్తుంది. విచిత్రమేమంటే, పాతబడి 1996లో పదవీ విరమణ చేసిన ట్రాన్సిట్ ఉపగ్రహాలు ధ్రువాల మీదుగానే తిరిగేవి.

పైన అయనావరణం కూడా అక్కడ నిలకడగా ఉండదు. నెలల తరబడి సూర్యుడు కనిపించని ధ్రువ రాత్రిలో ఎలక్ట్రాన్లు తగ్గిపోవాలి కదా అనుకుంటాం. కాని సూర్యరశ్మి పడే వైపునుంచి వందల కిలోమీటర్ల వెడల్పున దట్టమైన ఎలక్ట్రాన్ మేఘాలు ధ్రువం మీదుగా చీకటి వైపుకు కొట్టుకువస్తాయి. వాటి అంచుల గుండా వచ్చే రేడియో సంకేతం నక్షత్రంలా మిణుకుమంటుంది, కొన్నిసార్లు రిసీవర్ దానిని పట్టుకోలేక వదిలేస్తుంది. మన ఉష్ణమండలంలో సూర్యాస్తమయం తరువాత ఇటువంటి మిణుకే మరో కారణం చేత పుడుతుంది. విశాఖపట్నంలో ఆచార్య బి. రామచంద్రరావు పునాది వేసిన అయనావరణ పరిశోధన, 2000 తరువాత గగన్ పథకం కోసం ఆంధ్ర విశ్వవిద్యాలయంలో జరిగిన జీపీఎస్ పరిశోధన ఈ ఉష్ణమండలపు చిక్కు గురించినవే. భూమధ్యరేఖ ప్రాంతం, ధ్రువాలు రెండూ రిసీవర్లకు కష్టకాలమే. నడుమనున్న దేశాలవారు ఈ విషయంలో అదృష్టవంతులు.

ఇన్ని ఇబ్బందులు దాటి ఆ పని ఏడాది పొడవునా సాగింది జర్మనీ పరిశోధనా నౌక పోలార్‌స్టెర్న్ మీద. ఆ పేరుకు అర్థం ధ్రువనక్షత్రం. ఆల్ఫ్రెడ్ వెగెనర్ సంస్థ నడిపే ఈ ఓడ 2019 సెప్టెంబరు 20న, ఆపిల్టన్ ఒకనాడు పరికరాలు పెట్టిన ట్రామ్సో నుంచే బయలుదేరి, నాన్సెన్ చేసినట్టే మంచుకు కట్టుకొని కొట్టుకుపోయింది. దీనికి మొజాయిక్ యాత్ర అని పేరు. 2020 ఫిబ్రవరిలో ధ్రువానికి 156 కిలోమీటర్ల దగ్గరకు చేరింది. నడిచలికాలంలో అంత ఉత్తరానికి అంతకుముందు ఏ ఓడా పోలేదు. పోట్స్‌డామ్‌లోని జర్మన్ భూవిజ్ఞాన పరిశోధన కేంద్రం ఈ ఓడమీద ఉపగ్రహ సంకేతాల రిసీవర్‌ను అమర్చింది. ఒక సౌలభ్యం గమనించండి: మంచులో చిక్కుకున్న ఓడ అలలకు ఊగదు. నడిసముద్రపు ఓడకూ నేలమీది కేంద్రానికీ మధ్యస్థమైన స్థితి అది.

ఓడనుంచి రోజుకు కనీసం నాలుగు బెలూన్లు ఎగరవేసేవారు. చీకటిలో, తుఫాను గాలిలో అది మనుషులు చేసే కష్టమైన పని. ఆరు గంటలకొకసారి బెలూన్ చెప్పే సంగతిని రిసీవర్ ఆగకుండా చెబుతూ ఉంటుంది. రెండింటినీ పోల్చి 2021లో ప్రచురించిన ఫలితాలలో అవి బాగా పొసిగాయని తేలింది. ఆగకుండా కొలవడం ఎందుకు ముఖ్యమో 2020 ఏప్రిల్ నడుమ జరిగిన సంఘటన చూపిస్తుంది. దక్షిణం నుంచి తేమతో నిండిన వెచ్చని గాలి వరుసగా రెండుసార్లు ఓడ ఉన్నచోటికి దూసుకువచ్చింది. ఉష్ణోగ్రత సున్నా డిగ్రీల దరిదాపులకు పెరిగింది. ఏప్రిల్‌లో అక్కడ అది అసాధారణం. నీటిఆవిరి తానే వేడిని పట్టి ఉంచే వాయువు. మేఘాలు కూడా దానినుంచే పుడతాయి. ఇటువంటి చొరబాటు కొన్ని గంటలలో మొదలై రెండు మూడు రోజులలో ముగుస్తుంది. అది ఎప్పుడు వచ్చిందో, ఎంత తేమ తెచ్చిందో తెలియకపోతే మంచు ఎందుకు ముందుగా కరిగిందో లెక్క తేలదు.

ఇదే రిసీవర్‌కు మరో ఉపయోగం కూడా దొరికింది. క్షితిజం దగ్గరి ఉపగ్రహం నుంచి వచ్చే సంకేతం నేరుగా ఒకటి, మంచుమీద పడి ప్రతిఫలించి ఒకటి, రెండు దారుల్లో చేరుతుంది. ఓడమీద బెడదగా లెక్కించిన ప్రతిఫలనం ఇది. నీరు ఒకలా, మంచు మరొకలా ప్రతిఫలిస్తాయి కనుక చుట్టూ ఎంత మంచు ఉందో దానినుంచి అంచనా కట్టసాగారు. మళ్ళీ తవుడులోంచి నూనె!

పోలార్‌స్టెర్న్ 2020 అక్టోబరు 12న బ్రెమర్‌హావెన్ రేవుకు తిరిగివచ్చింది. రష్యా 2022 అక్టోబరులో తన తేలే కేంద్రాల వరుసలో నలభై ఒకటవదాన్ని మొదలుపెట్టింది. ఈసారి మంచుమీద గుడారాలకు బదులు ‘సెవెర్నీ పోల్యుస్’ అనే ప్రత్యేక నౌకనే కేంద్రంగా చేసింది. అయితే ఆ ఏడాది ఫిబ్రవరిలో ఉక్రెయిన్ యుద్ధం తీవ్రమయ్యాక ఆర్కిటిక్‌లో రష్యాకూ పాశ్చాత్య దేశాలకూ మధ్య శాస్త్ర సహకారం చాలావరకు తెగిపోయింది. ఆర్కిటిక్ సముద్రతీరంలో సుమారు సగం రష్యాదే. ఈనాటి రిసీవర్‌లో అమెరికా జీపీఎస్, రష్యా గ్లోనాస్, ఐరోపా గెలీలియో, చైనా బైడూ సంకేతాలు నాలుగూ ఒకే యాంటెన్నాలో పడుతున్నాయి. వాటినుంచి తీసిన నీటిఆవిరి లెక్కలు మాత్రం వేర్వేరు దేశాల గిడ్డంగులలో విడివిడిగా చేరుతున్నాయి.